కుతూహలానికీ ఖర్చుంటుంది

నెల జీతం వద్దనుకుని కలాన్నే నమ్ముకున్నవాళ్లను ఇంట్లోవాళ్లు అడిగేది ‘ఎంతొస్తుంది?’ అని. సాహిత్యలోకం అడిగేది ‘ఏం రాస్తున్నారు?’ అని. ఈ రెంటినీ వేర్వేరుగా అడగడం మనకు అలవాటైపోయింది. ఫ్రీలాన్స్ రచయిత బతుకులో మాత్రం అవి విడివడవు. ఫలానాది రాయాలన్న పట్టుదలే వాళ్లను ఉద్యోగానికి దూరం చేస్తుంది. ఆ పట్టుదల ఎన్నాళ్లు నిలుస్తుందో చేతికందే డబ్బు తేలుస్తుంది.

ఆరుద్రనే చూడండి. ఆ కలంపేరుతో రాసిన, 1925లో పుట్టిన భాగవతుల సదాశివశంకర శాస్త్రి విజయనగరంలో కాలేజీ చదువు మధ్యలో వదిలేసి, 1943లో వైమానిక దళంలో చేరారు. తర్వాత మద్రాసు వచ్చి ‘ఆనందవాణి’ పత్రికకు సంపాదకుడయ్యారు. తెలంగాణలో రజాకార్ల దురాగతాల నేపథ్యంలో రాసిన ‘త్వమేవాహం’ కావ్యం ఆయన్ను కవిగా నిలబెట్టింది. సినిమా పాట జీవనాధారమైంది. ‘అందాల రాముడు’, ‘ముత్యాల ముగ్గు’ పాటలు ఇప్పటికీ జనం నోళ్లలో నానుతున్నాయి. మరొకరైతే అంతటితో తృప్తి పడేవారే. ఆరుద్ర వేమనను తవ్వారు, చదరంగం మీద రాశారు, డిటెక్టివ్ కథలు రాశారు. రాముడికి సీత ఏమవుతుందని మనమంతా హాస్యానికి అడిగే ప్రశ్నను ఆయన నిజంగానే అడిగారు. దేశదేశాల రామకథలు వెతికారు. సీత రాముడికి చెల్లెలిగా కనిపించే దశరథ జాతకం లాంటి వాటిని తెలుగు పాఠకుడి ముందు పెట్టి, ఆ ప్రశ్ననే పుస్తకానికి పేరుగా ఉంచారు.

ఇక ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’. 1965 నుంచి నాలుగేళ్లలో పన్నెండు సంపుటాలుగా వచ్చిన ఆ సాహిత్య చరిత్రను రాసింది ఆచార్య పదవిలో ఉన్న పండితుడు కాదు, పాటలు రాసి బతికిన మనిషి. ఒకరు ముందే చెప్పేశారు కదా అని ఊరుకోలేని స్వభావం ఆయనది. శాసనం దగ్గర్నుంచి చాటువు దాకా తానే చూడాలి, తానే తేల్చుకోవాలి. ఫ్రీలాన్స్ రచయితను నడిపించే శక్తి సరిగ్గా ఇదేనని మా నమ్మకం. పేరు, డబ్బు ముఖ్యమే. కానీ అవి మాత్రమే కావాలనుకుంటే వాటికి ఇంతకంటే దగ్గర దారులున్నాయి.

పొట్టకోసం చేసే రాతను చులకనగా చూడటం మనలో ఉంది. అది తప్పు. డబ్బింగ్ మాటలు రాసేవాళ్ల పని దగ్గర నుంచి చూడండి. తెర మీద నటుడి పెదాలు కలిసినచోట ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. ‘వద్దు’ అని రాస్తే పెదాలు కలవవు, ‘మానెయ్’ అంటే కలుస్తాయి. అర్థం చెడకూడదు, పాత్ర యాస పోకూడదు, ఊపిరి తీసుకునే చోటు తప్పకూడదు. ఇలా రోజంతా మాటల్ని నోట్లో వేసుకుని తూచినవాళ్లు రాత్రికి సొంత వ్యాసం ముందు కూర్చుంటే, ఆ వాక్యంలో అనవసరమైన మాట నిలబడదు. ప్రకటనలు, అనువాదాలు, పిల్లల కథలు, ఆడియో కథలు – అన్నీ చేతిని సానపెట్టేవే. చిక్కల్లా ఆ పనే పగలూ రాత్రీ మింగేసి, సొంత వ్యాసానికి గంట కూడా మిగల్చనప్పుడు వస్తుంది.

సొంత వ్యాసానికి సమయమే కాదు, డబ్బూ కావాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల మీద ఒక వ్యాసం కావాలనుకుందాం. గూగుల్‌లో దొరికే నాలుగు సంగతులు కలిపి ఒక్క పూటలో రాసేయొచ్చు. కానీ మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, బొమ్మ నగల చోట సన్నని చిల్లులు కొడతారని తెలుసుకోవడం వేరు. దీపం వెలుగు ఆ చిల్లుల్లోంచి పడి తెర మీద నగలై మెరవాలంటే ఉలి ఎక్కడ ఆగాలో ఆ చేతుల పక్కన కూర్చుని చూడటం వేరు. ఆ రెండో వ్యాసానికి బస్సు ఛార్జీలు కావాలి, బస కావాలి, వదులుకున్న పని రోజుల కూలీ కావాలి. అచ్చయ్యాక పాఠకుడు మెచ్చుకునేది ఆ వ్యాసాన్నే. ఖర్చు మాత్రం రచయితదే.

పత్రికలు ఇక్కడ తమ వంతు బాధ్యత ఒప్పుకోవాలి. అచ్చులో పేరు చూసుకోవడమే పారితోషికమన్న ధోరణి చాలాకాలం చెల్లింది. ఉద్యోగమో ఆస్తో ఉన్నవాళ్లకు దానివల్ల నష్టం లేదు. అవి లేనివాళ్లే మెల్లగా తప్పుకున్నారు. పల్లెల నుంచి, కూలి కుటుంబాల నుంచి తొలి తరం చదువుతో వచ్చిన యువతీ యువకులు రాయడం మానేస్తే పోయేది వాళ్ల సంపాదన ఒక్కటే కాదు. వాళ్లు మాత్రమే అడగగల ప్రశ్నలు తెలుగులో పుట్టకుండా పోతాయి.

అందుకే మా పత్రిక వరకు మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం. వ్యాసం కోరినప్పుడే పారితోషికం ఎంతో చెబుతాం. తిరగాల్సిన వ్యాసమైతే ప్రయాణ ఖర్చు ముందే ఇస్తాం. వచ్చిన రచన మీద నెలలోపు అవుననో కాదనో జవాబిస్తాం. కాదంటే కారణం రాస్తాం. మార్పులు చేస్తే రచయితకు చూపించాకే అచ్చుకు పంపుతాం. ఇవేవీ దయతో చేసేవి కావు, పని చేయించుకున్నవాళ్ల కనీస ధర్మం.

రచయితలకు ఒక విన్నపం. సంపాదకులకు ఏది కావాలో ఊహించి రాయకండి. మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఏదో అది రాసి పంపండి. పాఠకులకు మరొకటి. పత్రిక చేతులు మారి పదిమంది చదవడం సంతోషమే, కానీ ఆ పదిమందిలో ఇంకో ఇద్దరు చందా కడితే మరో రచయిత నిమ్మలకుంట దాకా వెళ్లొస్తారు. ఆరుద్రకు ఇల్లు నడపడానికి సినిమా దొరికింది. ఇవాళ్టి రచయితలకు ఆ ఆసరా మనమే కావాలి.