పగటి లైటుకు దొంగ స్విచ్

ఎదురుగా వచ్చేవాడు చెయ్యెత్తి వేళ్లను రెండుసార్లు ముడిచి తెరుస్తాడు. 2017 తర్వాత కొత్త బండి కొన్న తెలుగువాళ్లలో ఆ సైగ ఎరగనివాళ్లు తక్కువ. ‘అన్నా, లైటు వెలుగుతోంది చూసుకో’ అని దాని అర్థం. మంచి మనసుతో చెప్పిందే. కానీ ఆర్పుదామంటే హ్యాండిల్ మీద స్విచ్ ఉండదు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ స్టార్టవగానే హెడ్‌లైటు గానీ, దానికి బదులు పగటి లైటు గానీ దానంతటదే వెలగాలని కేంద్రం నిబంధన పెట్టింది. కంపెనీ తీసేసిన ఆ స్విచ్‌ను మెకానిక్కులు తిరిగి తగిలించడం మొదలుపెట్టారు. హెడ్‌లైటు వైరు మధ్యలో తెంపి, ఒక చిన్న బటన్‌కు కలిపి, పైన టేపు చుట్టేస్తే పని అయిపోయినట్టే.

అదే సరదా ఇప్పుడు కార్లకూ పాకింది. ముందువైపు కనుబొమల్లా మెరిసే తెల్లటి ఎల్‌ఈడీ పట్టీలను డీఆర్‌ఎల్ అంటారు, అంటే కార్ల పగటి లైట్లు. కొందరికి అవి సోకు, ఇంకొందరికి కంటగింపు. నచ్చనివాళ్లు ఫ్యూజు పీకిస్తారు, మరీ నచ్చినవాళ్లు వాటిని రంగులు మార్చే పట్టీలుగా తిప్పి వైరింగ్ చేయిస్తారు. రెండు జట్లదీ ఒకటే వాదన: బండి నాది, లైటు నాది.

బండి అతనిదే, కాదనేవారు లేరు. కానీ ఈ లైటు అతను దారి చూసుకోవడానికి పెట్టింది కాదు. మలుపులో ఎదురొచ్చే ఆటోవాలా, రోడ్డు దాటబోయే ముసలావిడ, ఓవర్‌టేక్ చేద్దామా వద్దా అని తటపటాయించే బస్సు డ్రైవరు, వీళ్ల కళ్ల కోసం పెట్టింది. స్విచ్ కొట్టేవాడికి వాళ్ల ఊసే ఉండదు.

‘స్వీడన్ సంగతి వేరు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట పగలు లైటెందుకు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. వినదగ్గ మాటే. పగలు లైటు తప్పనిసరన్న చట్టం స్వీడన్‌లో 1977లోనే వచ్చింది. అక్కడి చలికాలంలో సూర్యుడు నెత్తికెక్కడు, అలాంటి చోట కుదిరిన లెక్క ఇక్కడ యథాతథంగా కుదరాలని లేదు. మలేషియా లెక్క మాత్రం వేరు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఆ దేశం 1992లో మోటార్ సైకిళ్లకు పగటి లైటు తప్పనిసరి చేసింది. ఎదుటివారికి బండి కనబడకపోవడంతో ముడిపడిన ప్రమాదాలు దాదాపు 29 శాతం తగ్గాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. ఎండ మండుతున్నా చెట్ల నీడ ఉంటుంది, అండర్‌పాస్ ఉంటుంది, ముందు పోయే లారీ లేపిన దుమ్ము ఉంటుంది. వాటిలోంచి వచ్చే బైకు ఎదుటివారికి సన్నటి గీతలా కనిపిస్తుంది. ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో కంటికి అందదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది పోతే, వాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. బైకు లైటు వైరు తెంపడాన్ని ఏ రకంగానూ సమర్థించలేం.

బ్యాటరీ దిగిపోతుందన్న భయమూ ఉత్తదే. ఆ లైటు వెలిగేది ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే.

కార్ల విషయం ఇంత సూటిగా లేదు, అక్కడ స్విచ్ అడిగేవాళ్లందరూ మూర్ఖులూ కారు. ఆస్ట్రియా 2005 నవంబరులో కార్లకు పగటి లైటు తప్పనిసరి చేసి, 2008 జనవరికల్లా వెనక్కి తీసుకుంది. కార్ల వెలుగుల మధ్య పాదచారులూ సైకిళ్లూ మరుగున పడుతున్నారన్నది అక్కడి ఆందోళన. అమెరికాలో జనరల్ మోటార్స్ 1995 మోడళ్ల నుంచి డీఆర్‌ఎల్‌లు పెట్టడం మొదలుపెట్టి, వాటిని అందరికీ తప్పనిసరి చేయాలని 2001లో ప్రభుత్వాన్ని కోరింది. మొత్తమ్మీద చెప్పుకోదగ్గ లాభం కనబడలేదని 2008లో అక్కడి రహదారి భద్రతా సంస్థ అధ్యయనం తేల్చింది, మరుసటి ఏడాది ఆ సంస్థ జీఎం వినతిని తోసిపుచ్చింది. జనం విసుగుకూ కారణం ఉంది. హై బీమ్‌నే కాస్త తగ్గించి పగటి లైటుగా వాడుకోవడానికి అక్కడ వీలుంది, 7,000 క్యాండెలాల దాకా అనుమతి. యూరప్ పరిమితి 1,200. ఎదురుగా కళ్లల్లో కొడుతుంటే ఎవరైనా తిట్టుకుంటారు. చాలా జీఎం కార్లలో హ్యాండ్‌బ్రేకు ఒక్క మెట్టు లాగి స్టార్ట్ చేస్తే పగటి లైటు వెలగదని కనిపెట్టిన యజమానులు, వైరు ముట్టకుండానే పని కానిచ్చేవారు. విడ్డూరమేమిటంటే, అదే కారును సరిహద్దు దాటించి కెనడాకు తీసుకెళితే డీఆర్‌ఎల్ లేకపోవడమే తప్పవుతుంది. అక్కడ 1989 డిసెంబరు నుంచి తయారైన బండ్లకు అది తప్పనిసరి. అమెరికాలో ఉద్యోగం మానుకుని టొరంటోకు మకాం మార్చే తెలుగువాళ్లు కారు వెంట తీసుకెళితే, అందులో డీఆర్‌ఎల్ లేకుంటే పెట్టించాల్సిందే.

కాబట్టి కారులో దాన్ని ఆపుకోవడానికి కంపెనీయే సెట్టింగుల్లో వీలు కల్పిస్తే, ఆపుకున్నవాణ్ని తప్పుపట్టనక్కర్లేదు. తప్పంతా కత్తెరతోనే. నేటి కార్లలో చాలావాటికి పగలు ధగధగలాడే పట్టీయే రాత్రి డిమ్ అయి పార్కింగ్ లైటవుతుంది. కొన్నింటిలో ఇండికేటరూ అక్కడే. పగటి లైటు తెంపానని సంబరపడినవాడు రాత్రి లైటు కూడా పోగొట్టుకుంటాడు. లైట్లకు కరెంటు పంపే కంప్యూటరు లెక్క తప్పిందని గ్రహించి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగిస్తుంది. దాన్ని నోరు మూయించడానికి మెకానిక్ ఒక రెసిస్టర్ తగిలిస్తాడు. అది వేడెక్కి పక్కనున్న ప్లాస్టిక్‌ను కరిగిస్తే వారంటీ అడిగే మొహం ఉండదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తెచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. తెంపి అతికించిన లైట్లను దీని కిందికి తేవడం అధికారులకు కష్టమేమీ కాదు.

పోలీసులూ కంపెనీలూ నిజంగా తల పట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. వీధి దీపాల వెలుగులో ముందు డీఆర్‌ఎల్ మెరుస్తోంది కదా, హెడ్‌లైట్లు వేసినట్టే అనుకుని రాత్రంతా తిరిగేవాళ్లున్నారు. చాలా కార్లలో డీఆర్‌ఎల్ వెలిగితే వెనక లైటు వెలగదు. హైవే మీద వెనక నుంచి వచ్చే లారీకి అలాంటి కారు చీకట్లో కలిసిపోతుంది. కెనడా ఈ బెడదను గుర్తించి 2021 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు మూడు దారులు చూపింది: డీఆర్‌ఎల్‌తోపాటే వెనక లైట్లూ వెలగాలి, లేదా చీకటి పడగానే అన్ని లైట్లూ వాటంతటవే వెలగాలి, లేదంటే డ్యాష్‌బోర్డు నల్లగా ఉండిపోయి లైటు వేయమని డ్రైవరుకు గుర్తు చేయాలి. మన దగ్గర చాలా మోడళ్లలో డీఆర్‌ఎల్ మెరుపులు కింది వేరియంట్లకూ దిగాయి, చీకటిని పసిగట్టి వెలిగే హెడ్‌లైట్లు మాత్రం పై వేరియంట్లలోనే ఆగిపోయాయి. డీఆర్‌ఎల్ పెట్టిన ప్రతి కారులోనూ దానితోపాటు వెనక లైటు కూడా వెలిగేలా చేయడానికి కంపెనీలకు పెద్ద ఖర్చేమీ కాదు.