బుడ్డోడి లగేజీ

పిల్లల్ని తీసుకుని విదేశం వెళ్లడం మనకిప్పుడు కొత్తేం కాదు. మా మరిపెడ బంగ్లా లాంటి ఊళ్ల నుంచి కూడా మనవడో మనవరాలో పుట్టిందని అమెరికా వెళ్లే అమ్మమ్మలున్నారు. పచ్చడి సీసాకి ఎన్ని చుట్లు టేప్ వెయ్యాలో, ఏ ఎయిర్‌లైన్స్‌లో ఎన్ని కిలోల బ్యాగేజీ ఇస్తారో వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

ఈ వారం చెప్పబోయే ప్రయాణం వేరు. ఇందులో ఇండియాకి వచ్చేటప్పుడు ముగ్గురు, తిరిగి వెళ్లేటప్పుడు నలుగురు. ఆ నాలుగో మనిషికి రెండున్నరేళ్లు. వాడికి వీళ్లెవరో తెలీదు. విమానం అంటే తెలీదు. ఎందుకు వెళ్తున్నాడో ఎవరు చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. వాడికి తెలిసిందల్లా శిశుగృహలో తన మంచం, అన్నం పెట్టే ఆయమ్మ, ఆమె గొంతు. అంతే.

మా పెద్దమ్మ కూతురు, బావ టెక్సాస్‌లో ఉంటారు. ఇద్దరూ అమెరికా పౌరులు. వాళ్లకి ఆరేళ్ల పాప. మొన్నామధ్య తెలంగాణలోని ఒక శిశుగృహ నుంచి ఒక బాబుని దత్తత తీసుకున్నారు. వాడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పెదవికి, అంగిలికి ఆపరేషన్లు అయ్యాయి. మాటలు అన్నీ అర్థమవుతాయి, పలికేవి కొన్నే. ఆ నెల రోజులూ డ్రైవర్‌గా, ట్రాన్స్‌లేటర్‌గా, ఫైల్ మోసే తమ్ముడిగా నేనూ వెంట ఉన్నా. అప్పుడు చూసిన వాటిలో మీకు పనికొచ్చేవి రాస్తున్నా.

అన్ని కాగితాలెందుకు?

ఫైల్ మందం చూసి మొదట బావకి విసుగొచ్చింది. "ఇల్లు కొన్నప్పుడు కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదురా" అన్నాడు. ఆ మందం వెనక మన తండాల కథ ఉంది.

1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో దత్తత సంస్థల మీద పోలీసు దాడులు జరిగాయి. పసిపిల్లలు, ఎక్కువగా ఆడపిల్లలు, అందులోనూ చాలామంది తెలంగాణ లంబాడా తండాల పిల్లలు బయటపడ్డారు. కరువు, కట్నం భయం, ఆడపిల్ల మళ్లీ పుట్టిందన్న దిగులు. వీటిని ఆసరా చేసుకుని దళారులు కొన్ని వేలకి పిల్లల్ని తీసుకునేవాళ్లు. అదే బిడ్డ విదేశం చేరేసరికి లెక్క డాలర్లలోకి మారేది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో, తల్లిదండ్రులు వదులుకున్నారని చెప్పి పిల్లల్ని దత్తతకిచ్చే పద్ధతినే ఆపేసింది. అప్పుడు వెళ్లిన పాపలకి ఇప్పుడు దాదాపు మన వయసే. ఎక్కడో ఒక దేశంలో ఆఫీసుకి వెళ్తూ ఉంటారు. మా మరిపెడ చుట్టూ ఉన్నవి కూడా తండాలే కాబట్టి ఇది నాకు పాత వార్తలా అనిపించదు.

ఇప్పటి రూల్స్ ఆ దెబ్బల మీదుగా గట్టిపడ్డవే. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతకి మొదటిసారి గట్టి గీతలు గీసింది. 2003లో మన దేశం హేగ్ ఒప్పందంలో చేరింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. తల్లి బిడ్డని అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. తర్వాత బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డ దత్తతకి అర్హుడని ప్రకటించాలి. అలా ప్రకటించాక 60 రోజుల్లో ఇక్కడి కుటుంబంగానీ ఎన్నారై కుటుంబంగానీ దొరక్కపోతేనే విదేశానికి దారి తెరుచుకుంటుంది. దివ్యాంగులకి, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లుగా కలిసి ఉన్నవాళ్లకి, ఐదేళ్లు దాటినవాళ్లకి ఈ విషయంలో ప్రాధాన్యం. ఎందుకో మీకే అర్థమవుతుంది. మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఏ లోపమూ లేని చంటిబిడ్డనే.

తర్వాత కేంద్ర సంస్థ కారా ఎన్‌ఓసీ ఇస్తుంది. దత్తత ఉత్తర్వు ఇదివరకు కోర్టు ఇచ్చేది, 2021 సవరణ తర్వాత కలెక్టర్ ఇస్తున్నారు. ఆ తర్వాత కొత్త బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, హేగ్ కన్ఫర్మిటీ సర్టిఫికెట్, వీసా. తల్లిదండ్రులు స్వయంగా వచ్చి బిడ్డని తీసుకెళ్లాలి. అమెరికా పౌరుల బిడ్డ అయితే, ఇక్కడే దత్తత పూర్తయి ఆ వీసా మీద అక్కడ దిగగానే పౌరసత్వం వస్తుంది.

ఇక్కడ మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. "చెల్లెలి కొడుకే కదా, స్టాంప్ పేపర్ మీద దత్తత రాయించుకుని తీసుకెళ్లిపోదాం" అనుకుంటారు. బంధువుల బిడ్డ అయినా సరే, దేశం దాటాలంటే కారాని దాటి వెళ్లలేరు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల దారి వేరు, అమెరికా పౌరుల దారి వేరు. బిడ్డని ఇంటికి తెచ్చుకున్నాక కాదు, తెచ్చుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడే లాయర్‌ని అడగండి. "నర్సమ్మ ఒక పాప ఉందంది" లాంటి ఫోన్లు వస్తే అటు పోవద్దు. చట్టం పద్ధతి తప్పి దత్తత తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, బిడ్డని కొన్నా అమ్మినా ఐదేళ్ల దాకా.

పాపని వెంట తేవాలా?

అక్కా బావల మధ్య నెల రోజులు నడిచిన గొడవ ఇదే. పాపకి బడి పోతుంది, కొత్త నీళ్లు పడవు, వీసా ఎన్ని రోజులు పడుతుందో తెలీదు, నానమ్మ దగ్గర వదిలేద్దాం అన్నది బావ వాదన. "తమ్ముడు వచ్చే రోజు అది లేకపోతే, ఇంటికెళ్లాక వాడు దానికి చుట్టమే అవుతాడు" అన్నది అక్క మాట. చివరికి తెచ్చారు.

మొదటి మూడు రోజులు బాబు అక్క దగ్గరికి అస్సలు రాలేదు. బావని చూస్తే గోడవైపు తిరిగేవాడు. ఆడవాళ్ల మధ్యే పెరిగిన పిల్లాడికి మీసం, గడ్డం కొత్త. కానీ పాప కింద కూర్చుని బ్లాక్స్ పేరుస్తుంటే వచ్చి పడగొట్టాడు. అది మళ్లీ పేర్చింది. వాడు మళ్లీ పడగొట్టాడు. దాదాపు గంటసేపు ఇదే. వాళ్ల చుట్టరికం అలా మొదలైంది.

నాలుగో రోజు రివర్స్ అయింది. అక్క వాడికి అన్నం తినిపిస్తుంటే పాప ప్లేట్ తోసేసి, "వాడ్ని మళ్లీ అక్కడే ఇచ్చేద్దాం" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అక్క దాన్ని తిట్టలేదు, "తప్పు, అలా అనకూడదు" అని కూడా అనలేదు. బాబుని బావకిచ్చి, పాపని తీసుకుని హోటల్ కింద కొట్టుకి వెళ్లింది. ఇద్దరూ చెరో ఐస్‌క్రీమ్ తిని వచ్చారు. ఆ రోజు నుంచి రోజూ అరగంట పాపకి మాత్రమే. తమ్ముడి గురించిన మాటే లేకుండా.

కాబట్టి మీ చుట్టాల్లో ఎవరైనా ఈ ప్రయాణానికి సిద్ధమవుతుంటే నా సలహా ఇది. పెద్దపిల్లకి నాలుగైదేళ్లు దాటి, నిద్ర, తిండి కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకోగలిగితే తీసుకురండి. కానీ మూడో పెద్దమనిషి ఒకరు వెంట ఉండాలి. ఒకరు కొత్త బిడ్డతో, ఒకరు పెద్దపిల్లతో, ఒకరు ఫైల్‌తో. ఇద్దరే అయితే పెద్దపిల్ల చేతికి ట్యాబ్ వచ్చి, అది నెల రోజులు అక్కడే ఉండిపోతుంది.

ఊరికి తీసుకురావాలా?

బాబుని మరిపెడ తీసుకొస్తే ఇల్లు నిండిపోయింది. అందరూ ప్రేమతోనే వచ్చారు. అందరూ ఎత్తుకోవాలనుకున్నారు. "ఏడ దొరికిండు?" "ఎవరి పిల్లగాడో తెలుసా?" "మూతి అట్ల ఎందుకైంది, తల్లి గ్రహణం చూసిందా?" ఇవన్నీ వాడి ముందే. మాట పలకని పిల్లాడికి మాట అర్థం కాదనుకోవడం మన అలవాటు. వాడికి అన్నీ అర్థమవుతున్నాయి. "గ్రహణం" అన్నప్పుడల్లా ఎవరో ఒకరు తన పెదవి వైపు చూస్తుంటే, అది తన గురించేనని రెండున్నరేళ్లవాడికైనా తెలుస్తుంది. గ్రహణం చూడ్డానికీ ఆ చీలికకీ సంబంధం లేదని మా పెద్దమ్మకి చెప్పడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి చెప్పే పని ఆమే తీసుకుంది. పొలిమేర దాకా వినిపించే గొంతు కాబట్టి పని తేలికైంది.

ఇంకో విషయం. కొత్త బిడ్డకి అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మొదటి కొన్ని వారాలు అమ్మానాన్నలే చెయ్యాలని దత్తత విషయం తెలిసినవాళ్లు చెప్తారు. ఏడిస్తే ఎవరి దగ్గరికి పోవాలో వాడికి ముందు తెలియాలి. పదిమంది చేతులు మారితే ఈ ఇల్లు కూడా ఒక హాస్టలే అనుకుంటాడు. అత్తలు, పిన్నులు దీన్ని అవమానంగా తీసుకోవద్దు. వాడు ఎక్కడికీ పోడు. ఎత్తుకోవడానికి బోలెడు కాలముంది.

ఫోన్ తీసి రీల్ చెయ్యబోయిన మా తమ్ముళ్లకి కూడా ఒక మాట. అలాంటి పిల్లల వివరాలు మీడియాలో బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, వాడి కథ వాడిది. ఎవరికి ఎంత చెప్పాలో పెద్దయ్యాక వాడే చూసుకుంటాడు.

విమానంలో

రెండేళ్లు దాటితే సొంత సీటు తప్పనిసరి. ల్యాండింగ్‌లో చెవి నొప్పి ఏ పిల్లలకైనా ఉంటుంది. అంగిలి చీలికతో పుట్టినవాళ్లకి చెవి సమస్యలు మామూలుగానే ఎక్కువ. అందుకే బయల్దేరే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించారు. కిందికి దిగేటప్పుడు గ్లాసుతో కొంచెం కొంచెం నీళ్లు తాగించారు. ఒరిజినల్ కాగితాలన్నీ చేతి బ్యాగులో, స్కాన్ కాపీలు ఇద్దరి ఫోన్లలో. వీసా ఆఫీసు ఇచ్చిన సీల్డ్ కవర్ ఏదైనా ఉంటే మీరు తెరవొద్దు. దాన్ని తెరిచేది అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లే.

వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఒక పాత దుప్పటి. శిశుగృహలో వాడు కప్పుకున్నదే. కొత్త దుప్పటి ఇచ్చి, ఉతక్కుండా దాన్ని అడిగి తీసుకున్నారు. ఇరవై గంటలకి పైగా సాగిన ప్రయాణంలో వాడికి తెలిసిన వాసన అదొక్కటే.

భాష సంగతి

ఫ్రాన్స్‌కి దత్తత వెళ్లి పెద్దవాళ్లైన కొరియా పిల్లల మీద 2003లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్లు వెళ్లింది మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. అయినా కొరియన్ వాక్యం వినిపిస్తే అది తమ భాషేనని గుర్తుపట్టలేకపోయారు. 2014లో మాంట్రియల్‌లో ఇంకో పరిశోధన జరిగింది. ఏడాది వయసు చుట్టూ చైనా నుంచి వెళ్లి ఫ్రెంచ్ మాత్రమే మాట్లాడుతూ పెరిగిన అమ్మాయిలకి చైనీస్ స్వరాలు వినిపించి మెదడు స్కాన్ తీశారు. వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మెదడు మాత్రం చైనీస్ మాట్లాడేవాళ్ల మెదడులాగే స్పందించింది. మనిషి మర్చిపోయినా లోపలెక్కడో జాడ మిగిలింది.

'లయన్' సినిమా చూసే ఉంటారు. ఖండ్వా నుంచి తప్పిపోయి 1987లో ఆస్ట్రేలియాకి దత్తత వెళ్లిన సరూ బ్రియర్లీ, ఇరవై అయిదేళ్లకి తల్లిని కలిసినప్పుడు మధ్యలో మాట చెప్పడానికి ఇంకొకరు కావాల్సి వచ్చింది. తన పేరు షేరు అన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

మా బుడ్డోడి అదృష్టం, కొత్త ఇంట్లో కూడా తెలుగే. అయినా శిశుగృహ తెలుగు వేరు, టెక్సాస్ తెలుగు వేరు. అందుకే చివరి రోజు అక్క ఆయమ్మ దగ్గర కూర్చుని ఆమె అనే మాటలన్నీ రాసుకుంది. "బువ్వ", "జోకొడతా", "దా నాన్నా". ఆయమ్మది తండా. కోపమొచ్చినా ముద్దొచ్చినా మధ్యలో గోర్‌బోలి దొర్లుతుంది. వాడు నీళ్లని "పాణి" అంటాడని, ఆమెని "యాడి" అని పిలుస్తాడని అప్పుడు తెలిసింది. యాడి అంటే అమ్మ. ఆ మాట విని అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిలుపు మీదే ఉండనీ, నన్ను వేరేలా పిలుస్తాడులే" అంది. ఆయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.

ఆమెని అడిగి, ఒప్పుకున్నాక, జోలపాట పాడుతుంటే అక్క ఫోన్‌లో రికార్డ్ చేసింది. రెండు నిమిషాల నలభై సెకన్లు. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా ఉంది.

పద్దెనిమిది నిండితే తన పుట్టుక గురించి వెతుక్కునే హక్కు వాడికి మన నియమాల్లో ఉంది. ఆ రోజు వాడు ఏ ఫైల్ అడుగుతాడో, ఏ ఊరికి వస్తాడో ఇప్పుడు చెప్పలేం. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఈ ప్రయాణం పెట్టుకుంటే, చివరి రోజు ఆ రెండు నిమిషాలు మర్చిపోవద్దని చెప్పండి. రికార్డ్ చేశాక స్టేటస్‌లో పెట్టొద్దు. రెండు చోట్ల బ్యాకప్ తీసి, తేదీ రాసి దాచండి.