విప్పి బిగించేవాళ్లకు ఒక కాగితం

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన ఒక తెలుగు కుర్రాడు, దొర ఒకాయన రడ్జ్ మోటారు సైకిలు మీద పోతుంటే చూసి మనసు పారేసుకున్నాడు. పట్నం వెళ్లి హోటల్లో సర్వరుగా చేరి, డబ్బు కూడబెట్టి, ఆ బండినే 300 రూపాయలకు కొన్నాడు. కొన్నాక ముందు చేసిన పని నడపడం కాదు, విప్పడం. మరలన్నీ ఊడదీసి, మళ్లీ బిగించి ఇంజను సంగతి నేర్చుకున్న ఆ కుర్రాడే జి.డి. నాయుడు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలైన ఆయన వ్యాపారం తర్వాత పెద్ద రవాణా సంస్థ అయింది.

మేలూరులో, మదురై చుట్టుపక్కల, నాయకరాజుల కాలం నుంచి పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో ఇలా విప్పి చూసే చేతులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చేతులకు సెకండ్‌హ్యాండ్ విమానం కిట్ దొరికితే ఏం కావాలి? ఈ లేఖ అడిగేది అదే.

కిట్ విమానం, అంటే భాగాలు కొని సొంతంగా కట్టుకునేది, వింతేమీ కాదు. అమెరికాలో వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్లతో కట్టినవి పదివేలకు పైగా ఎగిరాయి. కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో ఉంటూ స్లింగ్ కిట్ కొని, లాక్‌డౌన్ రోజుల్లో నాలుగు సీట్ల విమానం కట్టి, 2022లో కుటుంబాన్ని యూరప్ తిప్పారు. ఆయనది కొత్త కిట్. మధ్యలో వదిలేసిన కిట్ సంగతి వేరు. తోక ఒక పెట్టె, రెక్కలు మరో పెట్టె, ఆపైన బాడీ, ఇలా విడతలుగా కొనే సామాను కాబట్టి, చాలామంది తోక దగ్గరే ఆగిపోతారు. తర్వాత అది తక్కువ ధరకు అమ్మకానికొస్తుంది.

అలాంటి కిట్‌తో మొదటి పని రివెట్లు కొట్టడం కాదు, లెక్కపెట్టడం. ప్యాకింగ్ లిస్టు ముందేసుకుని ప్రతి ముక్కా సరిచూడాలి. పాత యజమాని కొట్టిన రివెట్ తల దాని కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉందా అని గేజీతో కొలవాలి. ట్యాంకులకు పూసే సీలెంట్‌కు గడువుంటుంది. ఏళ్ల తరబడి మూలన పడున్న ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ తుప్పు పడుతుంది, బయట మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది! ఆ కిట్ ఏ ఏడాదిదో కూడా చూడాలి. వ్యాన్స్ వాళ్లు 2022, 2023 ప్రాంతంలో లేజరుతో కోసిన రంధ్రాలున్న భాగాలు పంపారు. వాటికి రివెట్ తల కూర్చునే పల్లం (డింపుల్) వేస్తే పగుళ్లు వచ్చాయి. మార్చి ఇవ్వాల్సిన భాగాల ఖర్చు, ఇతర నష్టాలు కలిసి ఆ కంపెనీ 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ఆ పెట్టెలు ఇప్పుడు ఎవరి గరాజులో ఉన్నాయో, ఎవరి చేతికి పోతాయో!

రెక్కకు రేకు మూసేశాక లోపల ఏముందో కంటికి కనబడదు. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టరు మూయకముందే వచ్చి చూస్తాడు. మన దగ్గర మేలూరు షెడ్డుకు వచ్చేదెవరు?

కాగితాల సంగతీ అంతే. ముంబై మేడ మీద అమోల్ యాదవ్ కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనం విరగబడి చూశారు. రిజిస్ట్రేషన్ మాత్రం 2017 నవంబరులో గానీ రాలేదు. ఆయన సొంత డిజైనుకే అంత ప్రయాస. ఇంకొకరు సగం కట్టిన కిట్‌కు ఎవరు, ఏ కాగితాలు అడుగుతారో ముందే తెలిస్తే కొనేవాడు జాగ్రత్త పడతాడు. పాత యజమాని పని పుస్తకం, ఫోటోలు, కంపెనీ ఇచ్చిన కిట్ నంబరు బదిలీ, దిగుమతి రసీదు: వీటిలో ఏది లేకపోతే కిట్ కొనకూడదో మీ ఆఫీసే ఒక్క పేజీలో చెప్పవచ్చు. మూయకముందు తనిఖీకి మదురై, కోయంబత్తూరు విమానాశ్రయాల నుంచి ఒక ఇంజనీరు వెళ్లే వీలుందో లేదో కూడా అందులోనే రాయవచ్చు. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. కొత్త నిబంధనలు రాస్తున్న వేళ ఈ పేజీ చేర్చడం పెద్ద పని కాదు.

మరో మాట. మేలూరు తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు ఇంటి మాటే, బడిలో నేర్చుకున్నది తమిళం. కాబట్టి ఆ పేజీ ఇంగ్లీషుతో పాటు తమిళంలోనూ ఉండాలి. తెలుగులో కూడా వేస్తే, పైకి చదివి ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించేవారు ఒకరిద్దరు దొరక్కపోరు.