గురి తప్పితే దోషం కళ్ళదేనా?

మొన్నటిదాకా చక్కగా తగిలిన రైఫిలు ఉన్నట్టుండి గురి తప్పితే, మన ఇళ్ళలో ముందుగా పిల్లవాడి కళ్ళనే అనుమానిస్తారు. నేనైతే గురి కాగితం తెమ్మంటాను. చిల్లులన్నీ ఒకచోటే గుమిగూడి పక్కకు జరిగితే, బహుశా సైటు కదిలి ఉంటుంది. చెల్లాచెదరయితే కథ వేరు.

మా వీధి ఎన్.సి.సి. అబ్బాయి కాగితం రెండో రకం. .22 బోల్టు రైఫిలుతో 25 మీటర్ల నుంచి రూపాయి బిళ్ళంత మేరలో కొట్టేవాడు, పోటీ వారం ఉందనగా అరచెయ్యంత మేర చెదరగొట్టాడు. వాళ్ళ నాన్నగారు అప్పుడే కళ్ళజోడు బేరమాడుతున్నారు! "ముందు మరమేకులు చూడమనవోయ్" అన్నాను. ఇనుమునూ కర్రనూ కలిపి పట్టేవి అవే. కర్ర మన వీధి తలుపులాంటిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మేకు వదులైతే తూటా తూటాకీ గొట్టం కుదురు మారుతుంది. హవల్దారుగారు తుపాకీ ఖాళీ అని రూఢి చేసుకుని చూస్తే, ముందు మేకు అరచుట్టు తిరిగిందట. బిగించి, పాత రకం తూటాలే వేయించారు. తూటా రకం మారితే .22 గురీ మారుతుంది. రెండూ ఒకేసారి మారిస్తే లోపం ఎక్కడిదో తేలదు. చిల్లులు మళ్ళీ దగ్గరికొచ్చాయి.

రాకపోయి ఉంటే గొట్టం మూతి చూడాల్సి వచ్చేది. శుభ్రం చేసే చువ్వ ఒరిసి ఆ అంచు ఒక పక్కే అరిగితే, తూటా బయటపడే క్షణాన పక్కకు తూలుతుంది. దాన్ని సరిచేయడం తుపాకీ మరమ్మతు తెలిసినవాడి పని.