అరచేతిలో సైన్యం.. ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మెట్రో స్టేషన్‌లో దిగి ఫిల్మ్‌నగర్ వైపు ఆటో మాట్లాడుకునే కుర్రాళ్లలో ఉద్యోగం కోసం వచ్చినవాళ్లని ఇట్టే పోల్చుకుంటాను. చంకలో ఫైలు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు. కొన్నేళ్ల క్రితం నేనూ అలాగే దిగాను. ఫైల్లో బీటెక్ మార్కుల మెమోలు, అన్నిటికన్నా పైన ఒక యానిమేషన్ కోర్సు సర్టిఫికెట్. దాని ఫీజు కోసం నాన్న చీటీ పాడారు. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని గోడ నిండా రాసుకున్న ఆ సంస్థ, కోర్సు అయిపోయాక నా ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆ రోజు ఒక చిన్న వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో సూపర్‌వైజర్ నా ఫైలు అర నిమిషంలో తిప్పేసి పక్కన పెట్టారు. "ఇవి సరే బాబూ, నీ చేత్తో చేసిందేమైనా ఉందా?" అన్నారు. బ్యాగులో ఒక మిఠాయి డబ్బా ఉంది. అందులో దూదిలో చుట్టిన ఇరవై నాలుగు సిపాయి బొమ్మలు. సాయంత్రం ఫ్రెండ్‌కి చూపిద్దామని పెట్టుకున్నవి, ఇంటర్వ్యూ కోసం తెచ్చినవి కావు. మొహమాటంగానే తీశాను. ఆయన ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి చూశారు. "కంపెనీ సిపాయిలకి ఎర్ర కోటేశావు. ఫ్రెంచి వాళ్ల సిపాయిలకి వెయ్యలేదు. ఎందుకు?"

"దాని వెనక ఒక యుద్ధం ఉంది సార్" అని మొదలుపెట్టాను. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను.

1758 డిసెంబరు. ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గరి చందుర్తి. ఒకవైపు బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్, ఆయనకి తోడు విజయనగరం రాజు ఆనందగజపతి బలగం. ఎదురుగా కాన్‌ఫ్లాన్స్ నడిపిస్తున్న ఫ్రెంచి సైన్యం. రెండు వైపులా తెల్లవాళ్లు కొన్ని వందల మందే, మిగతా వేలమందీ ఈ దేశపు వాళ్లే. ఫోర్డ్ సిపాయిలు తెల్లవాళ్లలాగే ఎర్ర కోట్లు తొడుక్కుని ఉన్నారు. సిపాయిలకి ఎర్ర కోటు ఉంటుందని ఫ్రెంచివాళ్లు అనుకోలేదు. దూరం నుంచి ఎరుపు కనబడగానే అదే ఇంగ్లిషు దళమనుకుని తమ దెబ్బంతా అటు మళ్లించారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు తరుముకుంటూ వెళ్లి వరస తప్పారు. అసలు ఇంగ్లిషు దళం మనిషెత్తు ఎదిగిన చేను చాటున ఉంది. అది బయటికొచ్చి పక్కనుంచి కొట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల ఆట అక్కడితో కట్టు.

కోటు రంగు చూసి పోల్చుకోవడంలో తప్పు జరిగితే యుద్ధం ఎటు తిరిగిందో చూశారా! ఆ బొమ్మలకి నేను 'బాగుంటుంది కదా' అని ఏదో రంగు వేసి ఉంటే చందుర్తిలో జరిగిందేంటో బల్ల మీద ఎవరికీ అర్థం కాదు. ఇంకో సంగతి. ఉత్తరాదిన చాలాకాలం సిపాయిని 'తిలంగా' అనేవారు. క్లైవ్ మద్రాసు వైపు నుంచి బెంగాల్ తీసుకెళ్లిన దళాల వల్ల పడిన పేరు అది. అంటే ఆ ఎర్ర కోటు ఊరూరా తిరిగింది మన పేరు మీదే. మన పాఠ్యపుస్తకాల్లో ఇది నేను చదివిన గుర్తు లేదు. బొమ్మకి రంగు వెయ్యాల్సొచ్చినప్పుడే తెలిసింది.

మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు. జీతం గురించి చెప్పుకోడానికేం లేదు. కానీ పని దొరికింది.

ఈ సరదాని మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. బల్ల మీద చిన్న సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి యుద్ధం ఆడటం. ఇది పిల్లలాటగా పుట్టలేదు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ దీన్ని అధికారుల శిక్షణకి పెట్టాడు. 1893లో బ్రిటన్స్ అనే లండన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలని చవగ్గా పోతపోయడం మొదలుపెట్టింది. 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' అని ఇంట్లో ఆడుకునే నియమాలు రాశాడు. వలసపాలన నాటి యుద్ధాలు ఆడేదాన్ని కలోనియల్ వార్‌గేమింగ్ అంటారు. జులూలు, సూడాన్, వాయవ్య సరిహద్దు, 1857.. ఇవీ వాళ్ల ఇష్టమైన రంగాలు.

ఇక్కడ నాకొక కంప్లైంటు ఉంది. నేను చూసిన సెట్లలో బ్రిటిష్ పటాలం గుండీల దాకా సరిగ్గా ఉంటుంది. ఎదుటివాళ్లు మాత్రం 'నేటివ్స్' అని ఒకే అచ్చులో పోసిన గుంపు. ఎవరి కథ ఎవరు చెప్తున్నారో బొమ్మలు చూస్తేనే తెలిసిపోతుంది. మన్యం తిరుగుబాటు సంగతే తీసుకోండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులు పట్టుకెళ్లింది. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ఆ తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. గెరిల్లా యుద్ధం ఆడటానికి ఇంతకన్నా మంచి రంగం ఉండదు. కానీ గాం గంటందొర బొమ్మ ఏ కేటలాగులోనూ నాకు కనబడలేదు. ఎవరో చెయ్యాలి. బ్లెండర్ ఉచితం, మీకు టైముంది.

పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే అసలు చదువంతా అందులోనే ఉంది. ఎక్కువగా వాడే సైజు 28 మిల్లీమీటర్లు, సుమారుగా మనిషి పాదం నుంచి కంటిదాకా ఎత్తు. కంప్యూటర్‌లో మోడల్ చేసి రెజిన్ ప్రింటర్‌లో తీస్తే పొరకి 0.05 మిల్లీమీటర్ చొప్పున పైకి లేస్తుంది. తీశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, యూవీ లైటు కింద గట్టిపరచాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి తగలకూడదు. గ్లవ్స్ తప్పనిసరి, గాలి ఆడే గదిలోనే చెయ్యాలి. హాస్టల్ రూమ్‌లో మంచం కింద పెట్టి చేసే పని కాదిది.

తర్వాత ప్రైమర్. దాని మీద అసలు రంగులు పలచగా రెండు పూతలు. ఆపైన వాష్, అంటే బాగా పలచబడిన ముదురు రంగు. అది మడతల్లోకి దానంతటదే జారి నీడలా నిలుస్తుంది. తర్వాత దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో పైపైన రుద్దితే అంచులు వెలుగు పడినట్టు తేలతాయి. చిన్న బొమ్మ మీద నిజం వెలుతురు పెద్ద మనిషి మీద పడ్డట్టు పడదు. అందుకని నీడని మనమే గియ్యాలి. నేను ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో నేర్చుకోని స్కేలు ఇక్కడ నేర్చుకున్నాను.

మొదటి బొమ్మ ఎవరైనా చేస్తారు. పదహారోది వచ్చేసరికి విసుగు, ఇరవయ్యోది వచ్చేసరికి కోపం. ఇరవై నాలుగూ ఒకే ఎరుపులో, ఒకే నీడతో, అయినా ఇరవై నాలుగు మొహాలుగా రావాలి. స్టూడియోలో చేరాక నాకు మొదట ఇచ్చిన పని సరిగ్గా ఇదే, కాకపోతే స్క్రీన్ మీద. తెరని సైన్యంతో నింపాలంటే వెయ్యి మోడళ్లు చెయ్యరు. అయిదు శరీరాలు, పది తలపాగాలు, నాలుగు ఆయుధాలు చేసి కలిపితే రెండొందల రకాల మనుషులు తయారు. మిగతా పని క్రౌడ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అన్నదే తెలివి. ఆయుధాలు మార్చొచ్చు, కంపెనీ కోటు రంగు మార్చకూడదు.

కొండపల్లి వాళ్లు ఈ లెక్క మనకన్నా ముందే కనిపెట్టారు. తెల్లపొణికి కర్రతో ఒళ్లు, చేతులు, తలలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అదే అంబారీ ఏనుగు, మీద కూర్చునేవాళ్లు మారతారు. తెలుగు సినిమాకీ ఇది కొత్త కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల్లో మెరిసే ద్వారక ఉంది కదా, అది మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగులకి 60 అడుగుల జాగాలో మూడొందల బుల్లి ఇళ్లతో కట్టిన ఊరు. గోఖలే, కళాధర్‌ల కళ, మార్కస్ బార్ట్‌లే కెమెరా. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని మినాస్ తిరిత్ కోట కూడా 1:72 స్కేలులో చేత్తో చేసిందే. ఇప్పుడు చాలాభాగం కంప్యూటర్‌లోకి వెళ్లింది. 'ఈగ'కి మకుట, 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్'లకి శ్రీనివాస్ మోహన్ జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. 'సైరా', 'ఆర్ఆర్ఆర్' లాంటి బ్రిటిష్ కాలపు కథ ఒప్పుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని ఆ ఏడాది పోలీసు టోపీ ఎలా ఉండేదో వెతకాలి. ఆ 'ఎవరో' కొరతగా ఉన్నారు. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకి కొరత లేదు.

ఇంతవరకూ విని రేపే ఉద్యోగం మానేసి బ్రష్ పట్టుకోవద్దు. ఈ రంగం నేల గట్టిది కాదు. 'లైఫ్ ఆఫ్ పై'కి ఆస్కార్ గెలిచిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో, ఆస్కార్ వేదికకి రోజుల ముందు, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కూలినప్పుడు బెంగళూరు, ముంబైలో వేలమంది ఉన్నట్టుండి ఖాళీ అయ్యారు. అదే ఏడాది ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని ఇక్కడి సినీ కార్మికులు సమ్మెకి దిగారు. కృష్ణానగర్‌లో పొద్దున్నే పనికోసం నిలబడే గుంపుని ఒక్కసారి చూసి రండి, గ్లామర్ అన్న మాట మళ్లీ నోటికి రాదు. నా మట్టుకు నేను రెండేళ్లు రాత్రిళ్లు వెబ్‌సైట్ పనులు చేసుకుంటూనే ఇందులో నిలబడ్డాను. మీకు క్యాంపస్‌లో ఆఫరొస్తే తీసుకోండి. బొమ్మలు శని, ఆదివారాలు చేసుకోవచ్చు.

కానీ లక్షలు పోసి ఆరు నెలల కోర్సులో చేరబోయేవాళ్లకి మాత్రం గట్టిగానే చెప్తాను: ముందు ఒక చిన్న సైన్యం పూర్తి చెయ్యండి. పన్నెండు బొమ్మలు చాలు. ఒకే సంఘటన, ఒకే రోజు. బొబ్బిలి 1757, చందుర్తి 1758, పద్మనాభం 1794, లేదా 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద పడిన రోజు. అదైతే సిటీ బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలున్నాయి, బొమ్మల గది కూడా ఉంది, కొలతలు కళ్లతో తీసుకోండి. ప్రింటర్ కొనొద్దు. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట్ల త్రీడీ ప్రింటింగ్ సదుపాయాలున్నాయి, వెళ్లి అడగండి. అసలు ప్రింటే లేకుండా ఎపాక్సీ పుట్టీతో చేసినా ఎవరూ తక్కువ చూడరు.

ప్రతి బొమ్మకీ ఒక పేజీ రాయండి. ఈ తలపాగా ఎక్కడ చూశారు, ఈ తుపాకీ ఆ ఏడాదికి ఉందా, ఏది ఊహించారు, ఎందుకు ఊహించారు. ఊహించింది ఒప్పుకోవడం ముఖ్యం. నా ఇరవై నాలుగులో ఆరింటి చెప్పులు ఊహే, ఆ రోజు అదీ చెప్పాను. ఆయన నవ్వి, "చెప్పకపోతే నేనే పట్టుకునేవాణ్ణి" అన్నారు. పాడైనవాటి ఫొటోలు కూడా ఉంచండి. వాళ్లు వాటినే ఎక్కువసేపు చూస్తారు.

ఇంటర్వ్యూకి తీసుకెళ్లేటప్పుడు మాత్రం నాలా దూదిలో చుట్టకండి. బయొనెట్లకి చుట్టుకుంటుంది, ఆ రోజు మెట్రోలోనే రెండు విరిగాయి. స్పాంజి ముక్కలో బ్లేడుతో గాట్లు పెట్టి బొమ్మల్ని నిలువుగా దింపండి. డబ్బా మూత మీద ఫోన్ నంబరు రాయండి. ఆటోలో మర్చిపోయేది ఎప్పుడూ ఆ డబ్బానే.