ఒకటో నంబరు కుర్రాడు, నిలకడ లేదన్న నింద



ఈసారి పంట గురించి కాదు, ధర గురించీ కాదు. ఆస్ట్రేలియాలో ఆడే ఒక ఆట గురించి, అందులో ఒక ఆటగాడి గురించి రాస్తున్నా. ఈయనేంటి మిరప చేను వదిలేసి ఆస్ట్రేలియా మీద పడ్డాడు అనుకోకండి. కాస్త ఓపిగ్గా చదవండి.

మా మేనల్లుడు 2015లో చదువుకని మెల్‌బోర్న్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. చలికాలం వస్తే ఆ ఊరి జనానికి ఒకటే పిచ్చి, వాళ్ల ఫుట్‌బాల్. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు లాంటి బంతి, క్రికెట్ గ్రౌండంత మైదానం, జట్టుకి 18 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒక్కటే. బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని కింద పడెయ్యొచ్చు, దాన్ని ట్యాకిల్ అంటారు. పెద్ద లీగు పేరు ఏఎఫ్‌ఎల్.

మావాడిది మెల్‌బోర్న్ జట్టు. వాడితో ఒకే ఇంట్లో ఉండే భీమవరం కుర్రాడిదీ అదే జట్టు. అన్నిట్లో కలుస్తారు గానీ జాక్ వాట్స్ పేరెత్తితే మాత్రం ఇద్దరికీ పడదు. ఆ వాట్స్ ఆట మానేసి ఏళ్లయింది, వీళ్ల వాదన మాత్రం ఆగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "మావయ్యా, నువ్వే చెప్పు" అని వీడు, "కాదు బాబాయ్ గారూ, ముందు నా మాట వినండి" అని అతను. అందుకే పాత ఆటలు ఫోన్లో చూసి, సంగతులన్నీ తెలుసుకుని, నాకు తోచింది చెబుతున్నా.

అక్కడ కొత్త కుర్రాళ్లని తీసుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. ఏడాదిలో అట్టడుగున మిగిలిన జట్టుకి కొత్తవాళ్లలో మొదటి ఎంపిక ఇస్తారు. 2008లో మెల్‌బోర్న్ చిట్టచివర నిలిచింది. దేశంలోని కుర్రాళ్లందరిలో ఒకటో నంబరుగా వాట్స్‌ని తీసుకుంది. పొడుగు, పరుగు, రెండు కాళ్లతోనూ చక్కగా తన్నే నేర్పు, అన్నీ ఉన్నాయి. రెండో నంబరుగా వెస్ట్ కోస్ట్ జట్టు నిక్ నైటనూయిని తీసుకుంది. అప్పట్నుంచీ అభిమానులు ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తూస్తూనే ఉన్నారు.

2009 జూన్‌లో, రాణి గారి పుట్టినరోజు సెలవు నాడు, కాలింగ్‌వుడ్ మీద వాట్స్‌ని మొదటిసారి దించారు. 18 ఏళ్లు, ఇంకా స్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. బంతి అందీ అందగానే కండలు తిరిగిన పెద్దాళ్లు ఒకరి మీద ఒకరు పడి వాణ్ణి నేలకేసి అదిమారు. ఆ వీడియో చూస్తే మన పిల్లాణ్ణే తొక్కుతున్నట్టు అనిపిస్తుంది. మిరప నారు నలభై రోజులు నిండకుండా, కాండం గట్టిపడకుండా, మిట్ట మధ్యాహ్నం ఎండలో నాటితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత జట్టు పరిస్థితి ఇంకా దిగజారింది. 2011 జూలైలో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడింది. వాళ్లకి 233, వీళ్లకి 47. మర్నాడే కోచ్‌ని తీసేశారు. వాట్స్ మెల్‌బోర్న్‌కి ఆడిన తొమ్మిది సీజన్లలో, తాత్కాలికంగా వచ్చినవాళ్లతో కలిపి, ఆరుగురు కోచ్‌లు మారారు. ఒకాయన ముందు ఆడమంటాడు, ఇంకొకాయన వెనక కాపలా కాయమంటాడు, మరొకాయన పక్కన పరిగెత్తమంటాడు. ఒక వారం వాట్స్ ఆట చూస్తే కన్నుల పండగ. మరుసటి వారం మైదానంలో ఉన్నాడో లేడో తెలియదు.

భీమవరం కుర్రాడి వాదన ఇదీ: "ట్యాకిల్‌కి వెళ్లడానికి వెనకాడతాడు. ఒంటికి దెబ్బ తగిలే చోట ముందుకి దూకడు. ప్రతిభ ఉంటే సరిపోతుందా? నైటనూయిని చూడండి. వెస్ట్ కోస్ట్ కూడా 2010లో అట్టడుగునే ఉంది. అయినా మూడుసార్లు దేశపు మేటి జట్టులో చోటు సంపాదించాడు."

మాట తీసెయ్యదగ్గది కాదు. అభిమాని టికెట్ కొంటాడు, చలిలో కూర్చుంటాడు, అరవై దాటిన ముసలాళ్లు కూడా గొంతు పోయేలా అరుస్తారు. వాళ్లకి అడిగే హక్కుంది. వాట్స్ ఆటకి సిద్ధపడే తీరు చాల్లేదని క్లబ్బే అనుకుందని అక్కడి పత్రికలు రాశాయి. ఆ వాటా వాట్స్‌దే. కాదనను.

కానీ ఒక లెక్క చూడండి. 2009 నుంచి 2013 దాకా, వచ్చిన కొత్తలో, నైటనూయికి ఉన్న కోచ్ ఒక్కడే, జాన్ వర్స్‌ఫోల్డ్. జట్టు అడుక్కి పోయినా ఆయన్ని మార్చలేదు. అదే ఐదేళ్లలో వాట్స్ నలుగురు కోచ్‌ల చేతులు మారాడు. ఇద్దరూ అట్టడుగు జట్లలోనే పెరిగారు నిజమే, కానీ ఒకరికి ఒకే కాపు, ఇంకొకరికి ఏటికో కౌలుదారు. ఏటా మారే కౌలుదారు చేతిలో చేను ఎట్లా ఉంటుందో మనకి తెలియనిదా? ఇదంతా పక్కన పెట్టి 'వాడికి నిలకడ లేదు' అనేస్తే ఎట్లా? నిలకడ లేనిది ముందు క్లబ్బుకి. వాట్స్ ఆటలో కనబడింది దాని నీడ.

ఇంకో సంగతి. ఒకటో నంబరు అనేది వాట్స్ అడిగి తీసుకున్నది కాదు. క్లబ్బు పెట్టింది. 1964 తర్వాత కప్పు లేని జట్టు కరువంతా ఈ పిల్లాడే తీరుస్తాడని ఆశ పెట్టుకున్నారు. వాట్స్ చెయ్యని అప్పు అది. వడ్డీ మాత్రం ఆడినన్నాళ్లూ వాట్స్ చేతే కట్టించారు. అదే ఆట 20వ నంబరు కుర్రాడు ఆడి ఉంటే 'ఫర్వాలేదు, పనికొచ్చే ఆటగాడు' అనేవాళ్లు.

ఆటే రాదంటారా? కోచ్ పాల్ రూస్ మూడేళ్లు కుదురుగా ఉన్నాడు, ఆయన మూడో ఏడు 2016లో వాట్స్ 38 గోల్స్ కొట్టాడు. వాడి జీవితంలో అదే ఎక్కువ. 2017లో మళ్లీ అదే సెలవు రోజు, అదే కాలింగ్‌వుడ్ మీద, ఆట చివర్లో గెలుపు గోల్ కొట్టాడు. 4 పాయింట్ల గెలుపు. ఎనిమిదేళ్ల కిందట తొక్కించుకున్న పిల్లాడు అదే మైదానంలో నిలబడి కొట్టాడంటే మావాడికి ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. ఆ ఏడాది చివర్లోనే వాట్స్‌ని పోర్ట్ అడిలైడ్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది డ్రాఫ్ట్‌లో 31వ ఎంపిక. అక్కడ 2019లో కాలు విరిగి, 28 ఏళ్లకే ఆట మానేశాడు. మొత్తం 174 ఆటలు ఆడాడు, ఒక్క ఫైనల్స్ ఆట కూడా ఆడే రాత లేదు.

ఇక అసలు విశేషం. ఆ 31వ ఎంపికతో మెల్‌బోర్న్ తీసుకున్నది బేలీ ఫ్రిచ్‌ని. 18 ఏళ్లప్పుడు అతన్ని ఎవరూ అడగలేదు. కింది లీగులో ఆడి, ఒళ్లు గట్టిపడి, 20 దాటాక వచ్చాడు. నెత్తిన ఏ బరువూ పెట్టలేదు. 2021 గ్రాండ్ ఫైనల్‌లో 6 గోల్స్ కొట్టాడు. 57 ఏళ్ల తర్వాత మెల్‌బోర్న్‌కి కప్పు వచ్చింది. అప్పటికి కోచ్ సైమన్ గుడ్‌విన్‌కి అది వరసగా ఐదో సీజన్. అంటే ఆ క్లబ్బు నిలకడ నేర్చుకుంది. కాకపోతే వాట్స్ వెళ్లిపోయాక నేర్చుకుంది.

అందుకని ఆ ఇద్దరు కుర్రాళ్లకీ నా మాట ఇది. వాట్స్ మహా ఆటగాడు అని నేను అనను. ట్యాకిల్ విషయంలో భీమవరం అబ్బాయి అన్నది ఒప్పుకుంటా. కానీ 'వృథా అయిపోయిన ఆటగాడు' అన్న మాట ఒప్పుకోను. వృథా చేసిన చేతులు ఎవరివో కూడా చెప్పాలి కదా.

మన ఊళ్లలోనూ చూస్తున్నాం. పదో తరగతిలో ఫస్ట్ వచ్చిన పిల్లాడికి ఊరంతా ఓ బిరుదు తగిలిస్తుంది. మూడు కాలేజీలు, నాలుగు కోచింగులు మారుస్తారు. రెండేళ్లకి 'తెలివుంది గానీ నిలకడ లేదండీ' అని తల్లిదండ్రులే పదిమందిలో అంటారు. ఆ మాట పిల్లాడి చెవిన పడితే మిగిలిన ధైర్యం కూడా పోతుంది.

పైరు ఎదగకపోతే ముందు విత్తనాన్ని తిట్టే రైతుని నేను పెద్దగా నమ్మను. ఎప్పుడు నాటావు, ఏ నేలలో నాటావు, ఎవరి చేతిలో పెట్టావు, ఆ మూడూ అడిగాకే విత్తనం మాట. మనుషులకైనా అంతే అనుకుంటా.

మీరేమంటారో కింద రాయండి. భీమవరం అబ్బాయి పక్షం వాళ్లు కూడా మొహమాటం లేకుండా రాయొచ్చు. అతను రోజూ చదువుతాడు ఈ పేజీ.