చిన్నాన్న దగ్గర పైసలు తీసుకుంటావా?

మొన్న ఒక పెళ్లిలో మా దూరపు అత్తయ్య ఒకావిడ బంతిలో నా పక్కన కూర్చుంది. పెరుగన్నం దగ్గరికి వచ్చాక మెల్లగా అడిగింది. "నువ్వు మీ చిన్నాయన్ని చూస్కున్న దినాలకు లెక్కగట్టి పైసలు తీసుకుంటవంట, నిజమేనా?"

నిజమే అన్నాను. ఆవిడ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఇది రాద్దామనుకుంటున్నాను, ఎందుకంటే అలా అడిగింది ఆవిడొక్కతే కాదు.

ముందు సంగతేంటో చెప్తాను. మా చిన్నాన్నకి బైక్ యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. ఫలక్‌నుమా స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో జంగమ్మెట్‌లో ఆయన సొంతిల్లు, ఇంటి ముందు ఒక మల్గి. ఆ మల్గి మీద వచ్చే కిరాయే వాళ్ల ఆధారం. ఒక అటెండరు పగలు వచ్చి మంచం మీంచి కుర్చీలోకి దించడం, స్నానం, యూరిన్ బ్యాగు మార్చడం చూస్తాడు. రాత్రంతా చిన్నమ్మే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఒకసారి పడితే మానడానికి నెలలు.

అటెండరు రాని రోజులు నెలకి నాలుగైదు ఉంటాయి. అతనికీ ఇల్లుంది, జ్వరాలున్నాయి, బోనాలున్నాయి. ఆ రోజుల్లో నేను వెళ్తాను. చిన్నమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడు ఆయన్నే మా ఇంటికి తెచ్చుకుంటాం. రోజుకి 800 రూపాయలు తీసుకుంటాను. ఏజెన్సీ వాళ్లు అడిగేదానికంటే తక్కువే, కానీ ఊరికే మాత్రం కాదు. ఒక నోటుబుక్కులో తారీఖు రాసి ఇద్దరం సంతకం పెడతాం.

"సాఫ్ట్‌వేర్ వాడివి, నీకు 800 ఒక లెక్కా?" అంటారు. సరే, లెక్కే చూద్దాం.

భువనగిరి దగ్గర మా ఊళ్లో మాకు సొంతిల్లుంది. ఆఫీసుకి వారానికి రెండ్రోజులు వెళ్తే చాలు. మా ఊరి నుంచి వచ్చిపోవచ్చు, పైసా కిరాయి లేకుండా. ఇక్కడ ఉన్నది చిన్నాన్న కోసమే. దానికి నెలకి 11,000 కిరాయి. అదే వీధిలో రెండో అంతస్తు ఇంతకంటే తక్కువకి దొరుకుతుంది గానీ కుర్చీ ఎక్కదు. గ్రౌండ్ ఫ్లోరే కావాలి, బాత్రూం తలుపు వెడల్పుండాలి, గుమ్మం ముందు మూడు మెట్లు ఉండకూడదు. పాతబస్తీ సందుల్లో ఇలాంటి ఇల్లు వెతికినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది. అన్నట్టు, మా పైన కొండమీద ప్యాలెస్ 2010 నుంచి తాజ్ హోటల్. అక్కడ గదులు ఖాళీగా ఉంటాయేమో గానీ మన బడ్జెట్ కాదు :)

ఇంతకు ముందున్న ఇంటి ఓనరు, గుమ్మానికి చిన్న ర్యాంపు నా ఖర్చుతోనే కట్టిస్తానంటే ఒప్పుకోలేదు. "ఇల్లు చూస్తే ఆస్పత్రి అనుకుంటారు" అన్నాడు. 11 నెలలు కాగానే అగ్రిమెంటు రెన్యువల్ చెయ్యలేదు. (ఆ 11 నెలల సంగతి తెలుసుగా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలి. అందుకే దేశమంతా 11 నెలల దగ్గర ఆగిపోతుంది.) అమెరికాలో 1988లో సవరించిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం, వికలాంగుల కోసం సొంత ఖర్చుతో సబబైన మార్పులు చేసుకుంటామంటే ఓనరు కాదనకూడదు. మన దగ్గర అదంతా ఓనరు మంచితనం మీదే. ఇప్పటి ఓనరు మంచాయన, చెక్క పలక వేసుకోనిచ్చాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. సొంతిల్లున్నవాడు ఊరికే సేవ చెయ్యగలడు, దగ్గరుండటానికి వాడికి విడిగా ఖర్చు లేదు. కిరాయి ఇంట్లో ఉన్నవాడు ఆ దగ్గరితనాన్ని నెలనెలా కొనుక్కోవాలి. 'మన పెద్దలు ఎవరైనా లెక్కగట్టారా' అనేవాళ్లు ఒక్కటి మర్చిపోతున్నారు. ఆ పెద్దలందరూ ఒకే కప్పు కింద ఉన్నారు, ఆ కప్పుకి కిరాయి లేదు.

ఇక రెండోది, నాకు లెక్క కంటే ముఖ్యమైంది. పైసలివ్వడం నా ఐడియా కాదు, చిన్నాన్నది. మొదటి ఏడాది ఊరికే చేశాను. ఆయన నన్ను పిలవడం మానేశాడు. ఓ రోజు అటెండరు రాలేదని నాకు సాయంత్రం దాకా తెలీదు. పొద్దున్నుంచీ అదే బట్టల్లో పడుకుని ఉన్నాడు. చిన్నమ్మకి నడుం నొప్పి, ఒక్కత్తీ లేపలేదు. "ఎందుకు ఫోన్ చెయ్యలేదు?" అని అరిచాను.

"ఎన్నిసార్లు పిలుస్త రా? ఊకెనే చేస్తుంటే, నీళ్లు సల్లగున్నయని కూడ అనబుద్ధి గాదు. పైసలు తీసుకో, అప్పుడు నేను నిన్ను తిట్టొచ్చు" అన్నాడు.

ఇప్పుడు బాగానే తిడుతున్నాడు. నీళ్లు చల్లగా ఉన్నాయంటాడు, గడ్డం సరిగా గియ్యలేదంటాడు, ఆలస్యమైతే ఫోన్ చేసి అడుగుతాడు. ఊరికే చేయించుకునే మనిషి నోరు మూసుకోవాలి, దండం పెట్టాలి. పైసలిచ్చే మనిషి నాణ్యత అడగొచ్చు. ప్రేమ తగ్గిందా అంటే, నాకైతే మొహమాటం తగ్గింది, మాటలు పెరిగాయి.

మరి ప్రభుత్వం సంగతి? 2016 వికలాంగుల హక్కుల చట్టం చదివితే ఆశ్చర్యమేస్తుంది. సంరక్షకుడు అంటే ఎవరో అందులో రాశారు: డబ్బు తీసుకునైనా తీసుకోకుండానైనా సేవ చేసేవాళ్లు, తల్లిదండ్రులూ కుటుంబసభ్యులతో సహా. అంటే మా అత్తయ్యకి తప్పనిపించింది చట్టానికి తప్పనిపించలేదు. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుల భత్యం ఇవ్వాలని కూడా 24వ సెక్షన్‌లో ఉంది. కాకపోతే 'ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు' అనే తోక ఉంది. పని మొత్తం ఆ తోక దగ్గరే ఆగింది.

తెలంగాణలో వికలాంగుల ఆసరా పెన్షన్ 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 అయింది. ఆంధ్రలో 2024 నుంచి 6000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. ఆ 15,000 మాత్రమే మనిషిని పెట్టుకునే ఖర్చుకి దగ్గరగా వచ్చిన అంకె. కేరళలో ఆశ్వాసకిరణం అని, సంరక్షకుల పేరు మీదే నెలకి 600 ఇచ్చే పథకం ఉంది. 600 ఏ మూలకీ రాదు, కానీ 'నువ్వు చేసేది పనే' అని ఒప్పుకున్నారు కదా.

ఇన్‌కంటాక్స్ వాళ్ల లెక్క ఇంకా తమాషా. పాత విధానంలో, వికలాంగులైన ఆధారితుల కోసం ఖర్చు పెడితే 75,000, వైకల్యం తీవ్రమైతే 1,25,000 మినహాయింపు ఉంది. కానీ ఆధారితులంటే భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులే. చిన్నాన్న లేడు. అదే చిన్నాన్న నాకు బహుమతి ఇస్తే మాత్రం ఆయన బంధువే, పన్ను లేదు. నేను ఆయన దగ్గర కష్టపడి తీసుకుంటే ఆదాయం, ఊరికే తీసుకుంటే బహుమతి! మా అత్తయ్యా, ఇన్‌కంటాక్సూ ఒకే స్కూల్లో చదివినట్టున్నారు.

ఇంతా రాశాక ఒకటి ఒప్పుకోవాలి. ఈ లెక్కలన్నీ చిన్నమ్మ ముందు చదివాను. ఆవిడ బియ్యం ఏరుతూ విని, "నెలకు నాలుగు దినాలకు నీకిస్తుండు. ముప్పై రాత్రులకు నాకెవరిస్తరు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా వాదన నిజమైతే మొదటి పైసలు ఆవిడకే రావాలి. చట్టంలో రాసిన 'డబ్బు తీసుకోకుండా సేవ చేసేవాళ్లు' అంటే దేశంలో ఎక్కువగా ఆవిడలాంటి ఆడవాళ్లే. వాళ్లకి నోటుబుక్కు లేదు, సంతకం లేదు, జ్వరమొచ్చినా సెలవు లేదు.

ఈ నెల నుంచి నోటుబుక్కులో ఆవిడకి ఒక కాలమ్ గీశాం. మల్గి కిరాయిలోంచి కొంత ఆవిడ పేర బ్యాంకులో పడుతుంది. ఆవిడ చేసేదానికి అది సరిపోదు, తెలుసు. నెలకి రెండు రాత్రులు నేను పడుకుంటాను, ఆవిడ నిద్రపోతుంది. ఆ రాత్రులకి మాత్రం నేను పైసలు తీసుకోను. అవి చిన్నాన్న కోసం కాదు, చిన్నమ్మ కోసం.

ఇలా ఉంటున్నవాళ్లు మీ ఇళ్లల్లో కూడా ఉంటారు. ఈసారి పెళ్లిలో కలిస్తే, 'పైసలు తీసుకుంటున్నావా' అని కాకుండా 'సరిపోతున్నాయా' అని అడగండి.